బ్రేకేస్తే బండి ‘ఆఫ్’!

వేగం తగ్గించగానే ఇంజిన్ ఆగిపోతోందా?
ప్లగ్గులు, పంపులు మార్చేముందు.. ఎప్పుడు ఆగిందో గమనించండి

చెన్నై: తడ దాటి ఎనభై కిలోమీటర్ల వేగంతో నిక్షేపంగా వచ్చిన కారు. నల్లూరు టోల్‌గేటు కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, క్లచ్ తొక్కి, బ్రేకు వేస్తారు. అంతే! ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. తాళం తిప్పితే మళ్లీ ఠక్కున స్టార్టవుతుంది. మూలకడై సిగ్నల్ దాకా బాగానే పోతుంది. అక్కడ మళ్లీ అదే తంతు.

షెడ్డుకు తీసుకెళ్లి ‘అన్నా, స్లో చేస్తే ఆఫ్ అయిపోతోంది’ అంటే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే.. ‘ప్లగ్గులు మార్చేద్దాం సార్’. మార్చాక రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి పెట్రోలు పంపు. తర్వాత కాయిల్. ఆ తర్వాత ‘కంప్యూటర్ పోయింది సార్’ అంటారు. ఇలా కారు యజమానికి చేతి చమురు వదులుతుందే తప్ప జబ్బు మాత్రం నయం కాదు. తీరా చూస్తే బొటనవేలంత గాలిదారిలో పట్టిన మసి కావచ్చు. లేదంటే పగిలిన రబ్బరు గొట్టం కావచ్చు.

తప్పంతా మెకానిక్‌దేనని అనలేం. రోడ్డు మీద ఆగిన బండి షెడ్డులో ఆగదు. గంటసేపు స్టార్ట్ చేసి ఉంచినా బుద్ధిగా తిరుగుతుంది. కనిపించని జబ్బుకు ఎవరైనా ఊహించే మందు వేస్తారు. ఆగిన క్షణంలో బండిలో ఉన్నది ఒక్క డ్రైవరే. కాలు ఎక్కడుంది, ఏసీ ఉందా లేదా, ఇంజిన్ వేడిగా ఉందా, స్టీరింగ్ తిప్పుతున్నారా.. ఈ నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్లే.

కాలు తీస్తే ఏమవుతుంది?

పెట్రోలు ఇంజిన్‌కు గాలిని కొలిచి పంపేది థ్రాటిల్. గుండ్రటి గొట్టంలో తిరిగే చిన్న రేకు అది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది. కాలు తీస్తే దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అయినా ఇంజిన్ ఆగకుండా తిరగాలంటే కొంచెం గాలి అందాలి. ఇలా బరువేమీ లేకుండా నిదానంగా తిరగడాన్నే ఐడ్లింగ్ అంటారు. మన మెకానిక్‌లు ‘స్లో’ అని పిలుస్తారు. చాలా కార్లలో ఐడ్లింగ్‌లో ఇంజిన్ నిమిషానికి 700 నుంచి 900 సార్లు తిరుగుతుంది.

ఆ కొంచెం గాలి రావడానికి రెండు పద్ధతులున్నాయి. తీగతో లాగే పాత థ్రాటిల్ అయితే రేకు పక్క నుంచి ఓ సన్నటి దారి ఉంటుంది. దాన్ని తెరిచి మూసేది ఐడిల్ కంట్రోల్ వాల్వ్. కొత్త కార్లలో తీగ లేదు. మోటారే రేకును వెంట్రుకవాసి తెరిచి పట్టుకుంటుంది. రెండింటికీ ఆజ్ఞలిచ్చేది ఇంజిన్ కంప్యూటర్.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. బండి గేరులో ఉండగా కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి ఆ కాసేపు పెట్రోలు అక్కర్లేదు. వేగం తగ్గి ఇంజిన్ చుట్లు ఒక హద్దుకు పడిపోగానే మళ్లీ పెట్రోలు చిమ్మి ఐడ్లింగ్‌కు దించాలి. విమానం నేలకు దిగడం లాంటి ఘట్టం ఇది. పెట్రోలు వచ్చినా ఆ క్షణంలో చాలినంత గాలి అందకపోతే ఇంజిన్ తడబడి ఆగిపోతుంది. వేగంగా పోయేటప్పుడు రేకు బాగా తెరిచి ఉంటుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. హైవే మీద గుర్రంలా పరుగెత్తిన బండి సిగ్నల్ దగ్గర మొరాయించడానికి కారణం ఇదే.

స్క్రూడ్రైవర్ వైద్యం చెల్లదు

చెన్నైకి కార్లు కొత్త కాదు. స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి ఇక్కడే హెరాల్డ్ కార్లు తయారు చేసింది. ఆ హెరాల్డ్, అంబాసిడర్, ఫియట్, తొలినాటి మారుతి 800.. అన్నీ కార్బ్యురేటర్ బండ్లే. స్లో తగ్గి ఆగిపోతుంటే మెకానిక్ ఓ స్క్రూడ్రైవర్‌తో మరను అర చుట్టు తిప్పేవాడు. లేదా స్లో జెట్ విప్పి, నోటితో ఊది బిగించేవాడు. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మట్టం తప్పినా బ్రేకు వేసినప్పుడు పెట్రోలు ముందుకు ఊగి ఇంజిన్ ఆగిపోయేది. వైద్యం చవక, చెయ్యి తిరిగిన వాడికి పది నిమిషాల పని.

1998 సెప్టెంబరులో శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట నుంచి హ్యుందాయ్ శాంత్రో వచ్చింది. మరుసటి ఏడాది మరైమలై నగర్ నుంచి ఫోర్డ్ ఐకాన్ వచ్చింది. ఇవి కార్బ్యురేటర్ లేని ఎంపీఎఫ్ఐ బండ్లు. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతటా కాలుష్య నిబంధనలు బిగిశాయి. 2001లో చెన్నైకి భారత్ స్టేజ్-2 వచ్చింది. దాంతో కార్బ్యురేటర్ కథ ముగిసింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక ఇంజిన్‌లో గాలి, పెట్రోలు, పొగ.. అన్నిటి లెక్కా కంప్యూటర్ చేతిలోకే వెళ్లింది.

బండ్లు మారినా వైద్యం మాత్రం చాలా షెడ్లలో మారలేదు. ఇప్పటికీ థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి ‘స్లో పెంచేశా సార్, ఇక ఆగదు’ అనేవారున్నారు. ఆ స్క్రూ ఫ్యాక్టరీలో బిగించి వదిలేసేది. దాన్ని తిప్పితే రేకు ఎంత తెరిచి ఉందో చెప్పే సెన్సర్ లెక్క తప్పుతుంది. కాలు తీసినా తీయలేదని కంప్యూటర్ పొరబడుతుంది. మైలేజీ పడిపోతుంది. అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

ఎప్పుడు ఆగింది? ఇదే అసలు ప్రశ్న

ఆగే తీరును బట్టి అనుమానం ఎటు పోవాలో తెలుస్తుంది.

* క్లచ్ తొక్కకుండానే ఆగిందా? మూడో గేరులోనే బండిని నిలబెట్టబోతే ఏ ఇంజిన్ అయినా ఆగుతుంది. కొత్తగా నడపడం నేర్చుకున్నవారు ముందు ఇది చూసుకోవాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా, న్యూట్రల్‌లో ఉన్నా ఆగితేనే బండి తప్పు.

* కాలు తీయగానే చుట్లు జారుతూ జారుతూ ఆగిందా? గాలి చాలలేదని అర్థం. థ్రాటిల్‌కు మసి పట్టడం, ఐడిల్ వాల్వ్ బిగుసుకోవడం.. మొదట చూడాల్సినవి ఈ రెండే.

* బ్రేకు పెడల్ తొక్కినప్పుడే ఆగుతోందా? నిలబడి ఉన్న బండిలో పెడల్ నొక్కినా చుట్లు పడిపోతున్నాయా? బ్రేక్ బూస్టర్‌లో పొర చిరిగి ఉండొచ్చు. దీన్ని ఏమాత్రం వాయిదా వేయకూడదు.

* ఏసీ వేస్తేనే ఆగుతోందా? ఏసీ కంప్రెసర్ బరువు పడగానే కంప్యూటర్ గాలి పెంచాలి. వాల్వ్ మందగిస్తే ఆ బరువు మోయలేదు. మే నెలలో ఏసీ లేకుండా తిరగలేని చెన్నైలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది.

* స్టీరింగ్ తిప్పుతూ స్లో చేసినప్పుడా? ఇంజిన్‌తో తిరిగే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో పంపు బరువును కంప్యూటర్‌కు చెప్పే స్విచ్ పనిచేయకపోతే ఇలా జరుగుతుంది.

* చుట్ల ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిందా? బండి గేరులో దొర్లుతుండగానే ముల్లు పడిపోతే గాలి సంగతి కాదు. క్రాంక్ సెన్సర్ సంకేతం తెగిపోయి ఉండొచ్చు. బాగా వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక స్టార్టయితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

* పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమేనా? నీటి వేడిని కొలిచే కూలెంట్ సెన్సర్ తప్పుడు లెక్క చెబుతుండొచ్చు.

* పెట్రోలు కొట్టించిన వెంటనేనా? ట్యాంకులో ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే అలా జరుగుతుంది.

* హెడ్‌లైట్లు మసకబారి ఆగిందా? ఆల్టర్నేటర్, బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి.

* ఆటోమేటిక్ గేరు బండా? టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ విడవకపోతే, క్లచ్ తొక్కకుండా బ్రేకేసిన మాన్యువల్ బండిలాగే కుదుపుతో ఆగిపోతుంది.

పైసా ఖర్చు లేనివి ముందు

పరీక్ష ఎప్పుడూ చవక నుంచి ఖరీదుకు వెళ్లాలి. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి. తర్వాత ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా వచ్చే లావు గొట్టాన్ని వంచి, మడతల్లో పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడాలి. బ్యాటరీ టెర్మినళ్లు కదిపి చూడాలి. ఎన్నూరు, తిరువొత్తియూరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట నిలిపే కార్లలో సెన్సర్ కనెక్టర్లకు పచ్చటి చిలుము పడుతుంది. విప్పి, తుడిచి, మళ్లీ బిగించడంతోనే కుదిరిపోయే బండ్లు ఉంటాయి.

బ్రేక్ బూస్టర్ పరీక్ష ఎవరైనా ఇంటి ముందే చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, పెడల్‌ను గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కాలి. అలాగే నొక్కి పట్టి స్టార్ట్ చేయాలి. పెడల్ కొంచెం కిందకు దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్లు. దిగకపోయినా, తొక్కినప్పుడు లోపల ‘స్‌స్’మని శబ్దం వచ్చినా షెడ్డుకు పోవాల్సిందే.

ఆ తర్వాత థ్రాటిల్. చల్లారిన ఇంజిన్ మీద గొట్టం విప్పి చూస్తే రేకు అంచున నల్లటి జిగురు కనిపిస్తుంది. ఇంజిన్ లోపలి నూనె ఆవిరి, దుమ్ము కలిసి గట్టిపడిన మసి అది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి. మోటారుతో నడిచే రేకును వేలితో బలంగా నెట్టకూడదు, లోపలి పళ్లు విరుగుతాయి. తుడిచాక ఇంకో ముఖ్యమైన పని ఉంది. మసి ఉన్నప్పటి లెక్కకు అలవాటుపడిన కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకోవాలి. మోడల్‌ను బట్టి స్కానర్‌తోనో, కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచో ఈ పని చేస్తారు. ఇది చేయకుండా బండి ఇచ్చేస్తే స్లో ఎక్కువ తక్కువలవుతుంది. ‘క్లీన్ చేశాక ఇంకా పాడైంది’ అని జనం అనేది ఇందుకే.

దొంగగాలి

గాలి చాలకపోయినా ఆగుతుంది, లెక్కలేని గాలి దూరినా ఆగుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. థ్రాటిల్ దాటాక ఏ గొట్టం పగిలినా, గాస్కెట్ వదులైనా అక్కడి నుంచి గాలి దొంగతనంగా లోపలికి వస్తుంది. వేగంగా పోయేటప్పుడు వచ్చే గాలితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఐడ్లింగ్‌లో మాత్రం మొత్తం గాలే తక్కువ కాబట్టి ఆ కొంచెమే మిశ్రమాన్ని పలచన చేసేస్తుంది. పొగను ఇంజిన్‌లోకి తిప్పి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరిచి ఉండిపోయినా ఐడ్లింగ్‌లో ఇలాగే ఊపిరాడక ఆగిపోతుంది.

దొంగగాలిని పట్టడానికి పాత మెకానిక్‌ల చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గొట్టాల వెంట తిప్పితే లీకున్న చోట ‘స్‌స్’ వినిపిస్తుంది. ఫ్యాన్, బెల్టులకు దూరంగా ఉంచాలి. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటమే. పొగ పంపి లీకు కనిపెట్టే యంత్రం ఉన్న షెడ్డుకు వెళ్లడం మేలు.

స్కానర్ జాతకం చెప్పదు

2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 వ్యవస్థ ఉంటుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. పీ0505 అంటే ఐడిల్ కంట్రోల్‌లో లోపం. పీ0506 అంటే ఉండాల్సిన దానికన్నా చుట్లు తక్కువ. పీ0171 అంటే మిశ్రమం పలచన. పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్.

కోడ్ వచ్చిందంటే ఆ పార్టు పోయిందని కాదు. ఆ వైపు వెతకమని మాత్రమే అర్థం. ‘మిశ్రమం పలచన’ అని వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే లాభం లేదు. అది ఉన్న సంగతి చెప్పిందంతే. అలాంటప్పుడు స్కానర్‌లోనే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోలు కలుపుతోందో శాతంలో చెప్పే అంకె ఇది. పదికి అటూ ఇటూ దాటనంతవరకు చింత లేదు. ఐడ్లింగ్‌లో బాగా పెరిగి, 2,500 చుట్లకు రేజ్ చేయగానే మామూలైపోతే దొంగగాలి ఉన్నట్టే. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, గాలిని కొలిచే సెన్సర్ వైపు పోవాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా పంపు మార్చమనే షెడ్డులో ఓ మాట అడగడం తప్పు కాదు.

ఇంకో సంగతి. ‘ఓసారి బ్యాటరీ తీసి పెడదాం సార్, రీసెట్ అవుతుంది’ అంటే ముందు ఒప్పుకోకండి. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, చుట్లెన్ని, వేడెంత అన్నది కంప్యూటర్ కోడ్‌తో పాటు దాచిపెడుతుంది. బ్యాటరీ తీస్తే చాలా బండ్లలో ఆ సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు స్కాన్, తర్వాతే రీసెట్.

పుదుపేట పార్టులు.. అన్నీ ఒకటి కాదు

చెన్నైలో స్పేర్ పార్టులంటే కొత్తవాటికి జీపీ రోడ్డు, పాతవాటికి పుదుపేట. తలుపు, బంపరు, సీటు లాంటివి పాతవి కొన్నా నష్టం లేదు. కంటికి కనిపించేది కొంటాం. క్రాంక్ సెన్సర్, ఐడిల్ వాల్వ్, పెట్రోలు పంపు అలా కాదు. వాటి ఆయుష్షు పైకి కనిపించదు. ఆగిపోయే బండికి ఇంకో ఆగిపోయే బండి నుంచి తీసిన సెన్సర్ వేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే. పైగా ఒకే మోడల్‌లోనూ తయారైన ఏడాదిని బట్టి పార్టు నంబర్లు మారుతుంటాయి. పాత పార్టు మీది నంబరు చూసి కొత్తది తేవాలి. మార్చిన పాత పార్టును షెడ్డులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోవాలి. జబ్బు తగ్గకపోతే అది మళ్లీ పనికొస్తుంది.

ఒక్కోసారి తయారీలోనే లోపం

యజమాని, మెకానిక్ ఎంత జాగ్రత్తపడినా తప్పించలేనిది ఒకటుంది. 2020 జూన్‌లో హోండా పెట్రోలు పంపు లోపంతో 65,651 కార్లను దేశంలో వెనక్కి పిలిచింది. అదే ఏడాది జులైలో మారుతి సుజుకి ఇదే అనుమానంతో 1,34,885 వ్యాగనార్, బాలెనో కార్లను పిలిచింది. 2024 మార్చిలో మళ్లీ 11,851 బాలెనోలు, 4,190 వ్యాగనార్‌లను వెనక్కి పిలుస్తూ, పంపు మోటారులో లోపం వల్ల ఇంజిన్ ఆగిపోవచ్చని చెప్పింది. ఇలాంటి పార్టును కంపెనీ ఉచితంగా మార్చిస్తుంది. తెలియక డబ్బు పెట్టి మార్పించుకుంటే ఆ నష్టం యజమానిదే.

కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి, బండి ఆ జాబితాలో ఉందేమో చూసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారు తప్పక చూసుకోవాలి. కంపెనీ పంపిన కబురు పాత యజమాని ఫోనుకే వెళ్లి ఉంటుంది. నెల్లూరులోనో, తిరుపతిలోనో కొని చెన్నై తెచ్చుకున్న బండి అయినా ఏ ఊరి డీలరు దగ్గరైనా అడగవచ్చు. లోపాలున్న వాహనాలను తప్పనిసరిగా వెనక్కి పిలిపించే నిబంధన 2021 ఏప్రిల్ నుంచి దేశంలో అమల్లో ఉంది.

ఇంజిన్ దానంతట అది ఆగిపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదనడానికి అమెరికా అనుభవం ఉంది. జనరల్ మోటార్స్ 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. తాళం స్విచ్ ప్రయాణంలోనే జారి ఇంజిన్ ఆగిపోవడం, దాంతో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడం కారణం. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయినట్లు పరిహార నిధి తేల్చింది.

పెట్రోలు మీద నింద

బండి ఆగగానే బంకు మీద అనుమానం రావడం సహజం. అదే పెట్రోలు వేగంలో బాగానే మండుతూ, స్లోలో మాత్రమే మండకపోవడం అరుదు. అందుకే మొదటి అనుమానం అటు వద్దు. అయితే పాత బండ్లకు ఒక జాగ్రత్త అవసరం. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు చేర్చవచ్చు. కంప్యూటర్ ఉన్న బండి మిశ్రమాన్ని కొంతవరకు సర్దుకుంటుంది. కార్బ్యురేటర్ బండికి ఆ తెలివి లేదు, మిశ్రమం పలచనవుతుంది. నెలల తరబడి నిలిపి ఉంచే బండ్లలో పాత పెట్రోలు అలాగే ఉంచకూడదు.

గ్యాస్ కిట్ ఉన్న టాక్సీలకు పరీక్ష ఇంకా సులువు. రెండు రోజులు పెట్రోలు మీదే నడపాలి. పెట్రోలులో ఆగకుండా గ్యాస్‌లో మాత్రమే ఆగితే లోపం కిట్‌దే. గ్యాస్ ఫిల్టర్, రెడ్యూసర్ సర్దుబాటు చూపించాలి. రెండింటిలోనూ ఆగితే ఇంజిన్ వైపు రావాలి. డీజిల్ బండ్ల లెక్క వేరు. అక్కడ మొదట చూడాల్సినవి డీజిల్ ఫిల్టర్, గొట్టాల్లోకి గాలి దూరడం, పంపు దగ్గర ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్.

రోడ్డు మధ్యలో ఆగితే

ఇంజిన్ ఆగితే బ్రేకులు పోవు, బరువెక్కుతాయి. బూస్టర్‌లో మిగిలిన శక్తి ఒకటి రెండుసార్లు తొక్కడానికి సరిపోతుంది. గాబరాపడి పెడల్‌ను పదేపదే కొడితే అది కాస్తా అయిపోతుంది. ఒక్కసారి గట్టిగా, నిలకడగా తొక్కాలి. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, రెండు చేతులా బలంగా తిప్పాలి. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీయకూడదు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. నాలుగు ఇండికేటర్లూ వేసి, న్యూట్రల్ చేసి, వీలైతే దొర్లుతుండగానే స్టార్ట్ చేయాలి. ఆటోమేటిక్ అయితే ‘ఎన్’లోకి మార్చి స్టార్ట్ చేయాలి. కుదరకపోతే ఎడమ పక్కకు చేర్చాలి.

రోజుకు రెండుమూడుసార్లు ఆగే బండిని ‘మళ్లీ స్టార్టవుతోంది కదా’ అని రెడ్‌హిల్స్ రోడ్డులో లారీల మధ్యకు తీసుకెళ్లడం తెలివైన పని కాదు. వెనక వచ్చే పాతిక టన్నుల లారీ కారంత త్వరగా ఆగలేదు.

షెడ్డుకు వెళ్లేముందు కాగితం మీద రాసుకోండి

* ఎన్నిసార్లు ఆగింది? ఏ తేదీ, ఏ చోట?
* అప్పుడు వేగమెంత? ఏ గేరు? క్లచ్ తొక్కారా?
* ఏసీ, లైట్లు వేసి ఉన్నాయా?
* ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా?
* చుట్ల ముల్లు మెల్లగా జారిందా, ఒక్కసారిగా పడిందా?
* ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం అంతకుముందే వెలిగిందా?
* వెంటనే స్టార్టయిందా, చల్లారాకనా?
* ఈమధ్య ఏ పని చేయించారు? బ్యాటరీ మార్చారా? థ్రాటిల్ క్లీన్ చేయించారా?
* చివరిసారి పెట్రోలు ఎక్కడ, ఎప్పుడు కొట్టించారు?

కాగితం ఇచ్చాక మెకానిక్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి, బండి ఆగే తీరులోనే ఓ పది నిమిషాలు నడిపి చూపించాలి. అంకెలు కళ్లముందే పడిపోతుంటే ఏ పార్టు మార్చాలో వాదన అక్కర్లేదు.